గదిలో పంటకు 36 లైట్లు: మూడు ఫేజుల కరెంటు ఎట్ల గుంజాలె?

భీమారం_ఆకుకూర
అందరికీ నమస్తే. మాది హన్మకొండ పక్కన భీమారం. ఇంటి పైన పెద్ద గది ఖాళీగ ఉంటె పోయిన చలికాలం నుంచి అందుల లెట్యూస్, ఇటాలియన్ తులసి పెంచుతున్న. హైదరాబాద్‌ల రెండు హోటళ్ళకు వారానికి రెండుసార్లు పోతది. మొదట్ల మూడు ర్యాకులే ఉండె, ఉన్న ప్లగ్గులల్లనే పెట్టి నడిపిన. ఇప్పుడు తొమ్మిది ర్యాకులు చేసిన. ర్యాకుకు నాలుగు అరలు, అరకు 100 వాట్ల ఎల్‌ఈడీ ప్యానెల్, ఒక్కోదానికి ఒక డ్రైవరు (ఎల్‌ఈడీకి కావాల్సినట్టు కరెంటును మార్చి ఇచ్చే డబ్బ). అంటె 36 డ్రైవర్లు. రోజుకు 16 గంటలు వెలుగుతయి. రెండు 1.5 టన్నుల ఏసీలు, నీళ్ళ పంపు, ఫ్యాన్లు అదనం. ఇంటికి త్రీ ఫేజ్ మీటరే ఉన్నది.

అమెరికావాళ్ళ వీడియో ఒకటి చూసిన. వాళ్ళు గ్రో లైట్లకు 240 వోల్టులు కావాలంటె న్యూట్రల్ లేకుండ రెండు హాట్ వైర్లు (కరెంటు ఉండే వైర్లు) తీసుకొని డబుల్ పోల్ బ్రేకర్ పెడుతున్నరు. ఆంపియర్లు సగమైతయట, వైరు వేడెక్కదట. మన దగ్గర కూడ ఆర్, వై, బి అని మూడు ఫేజులు ఉన్నయి గద, ఆర్ ఒకటి, వై ఒకటి తీసుకొని అట్లనే చేద్దామనుకుంటున్న. రేపు పొద్దుగాల ఎలక్ట్రీషియన్ వస్తడు.

ఇంకొక మాట. తడి చేతులతోని ర్యాకు పట్టుకుంటె అమ్మకు చెయ్యి జివ్వుమంటున్నదట. నాకైతె తెలుస్తలేదు, నేను చెప్పులేసుకొని తిరుగుత. ఈ రెండిటికి ఏమన్న సంబంధం ఉందా?

కాజీపేట_వైర్‌మన్
తమ్మీ, ఆగు. రేపు ఆయన్ను రావొద్దని ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఆర్‌కు వైకు నడుమ 240 కాదు, 415 వోల్టులు. స్విచ్ వేసిన క్షణంల నీ 36 డ్రైవర్లు పటపట పేలిపోతయి. డ్రైవర్ మీద ఏం రాసి ఉందో చూడు. 100 నుంచి 277 దాక అని ఉంటది, లేకుంటె 220 నుంచి 240 అని ఉంటది. ఇసొంటి మామూలు డ్రైవర్ మీద 415 అని రాసి ఉండది. పేలుడు ఒక్కటే అయితె పైసలు పోయినయనుకోవచ్చు. కాని నీది తడి గది, ఇనుప ర్యాకులు.

మనకు ఒక ఫేజు, ఒక న్యూట్రల్ తీసుకుంటె 230 వస్తది. వాళ్ళు తంటాలు పడి తెచ్చుకునే వోల్టేజీ మన ఇంట్ల ప్రతి ప్లగ్గుల పుట్టుకతోనే ఉన్నది. నువ్వు ఏం కలపాల్సిన పని లేదు.

రిటైర్డ్_ఏఈ_సుబేదారి
వైర్‌మన్ గారు చెప్పింది అక్షరాలా నిజం. కారణం కూడా తెలిస్తే మళ్ళీ ఆ వీడియో జోలికి పోరు.

అమెరికా ఇళ్ళకు వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు 240 వోల్టులది. దానికి సరిగ్గా నడుమ నుంచి న్యూట్రల్ తీస్తారు. అందుకని ఏ చివర నుంచి న్యూట్రల్‌కు చూసినా 120, రెండు చివర్ల మధ్య 240. వాళ్ళ మామూలు ప్లగ్గులో 120 మాత్రమే వస్తుంది కాబట్టి 240ని వాళ్ళు ఎక్కువ వోల్టేజీగా చూస్తారు. మనది అలా కాదు. మూడు ఫేజులూ ఒకదానికొకటి 120 డిగ్రీల ఎడంగా ఉంటాయి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 నుంచి 240, ఏ రెండు ఫేజుల మధ్యనైనా దానికి 1.73 రెట్లు. అదే 400 నుంచి 415.

ఆ వీడియోల్లో ఇంకో ప్రాణాంతకమైన విషయం ఉంది, అది రంగు. వాళ్ళకు నల్ల వైరు ఫేజు, తెల్లది న్యూట్రల్. మనకు నల్లది న్యూట్రల్, ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, ఆకుపచ్చ ఎర్త్. వీడియో చూసి వైరు కలిపినవాళ్ళు నల్ల వైరును ఎలా పట్టుకుంటారో ఆలోచించండి.

జమ్మికుంట_మైక్రోగ్రీన్స్
తమ్ముడూ, అందరూ ఫేజుల గురించి చెప్తున్నరు, నాకు అమ్మ గురించి భయమైతున్నది. ఈ రాత్రికి ఆ గది మెయిన్ దించెయ్యి. లెట్యూస్ రెండు రోజులు చీకట్ల ఉంటె ఏం కాదు, కిటికీ తెరువు చాలు. అమ్మను ర్యాకు ముట్టనియ్యకు.

మా దగ్గర పోయిన వానకాలం అచ్చం ఇట్లనే మొదలైంది. పని చేసే అమ్మాయి "అక్కా, ట్రే పట్టుకుంటె చీమలు పాకినట్టయితున్నది" అన్నది. చెమట వల్లనేమో అనుకొని వారం రోజులు పట్టించుకోలేదు. తర్వాత ఒక ప్యానెల్ల నీళ్ళు పోయినయి. ట్రే పట్టుకున్న చెయ్యి ఆమెకు వెంటనే విడవరాలేదు. దేవుని దయ, పక్కన ఉన్న ఇంకో అమ్మాయి ఆమెను పట్టుకోకుండ ఉరికి స్విచ్ దించింది. ఆ చిన్నది అట్ల ఆలోచించకుంటె ఇద్దరూ పోయేటోళ్ళు. ఇప్పటికీ ట్రే పట్టుకున్నప్పుడల్ల నాకు ఆ చెయ్యే కనిపిస్తది.

రిటైర్డ్_ఏఈ_సుబేదారి
అమ్మగారికి జివ్వుమనడానికి కారణం దాదాపుగా ఇదే అయి ఉంటుంది. ఎల్‌ఈడీ డ్రైవరు లోపల కరెంటులోని గోలను (నాయిస్‌ను) వడకట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి డ్రైవరు ఒంటికి, అంటే దాని లోహపు పెట్టెకు, ఇంకొకటి న్యూట్రల్ నుంచి అదే ఒంటికి. ఒంటికి ఎర్త్ కలిపి ఉంటే ఆ కొంచెం లీకేజీ నేలలోకి పోతుంది, ఎవరికీ తెలియదు. ఎర్త్ లేకపోతే డ్రైవరు ఒళ్ళు, దాన్ని బిగించిన ర్యాకు, సగం వోల్టేజీ దగ్గర తేలుతూ ఉంటాయి. అంటే 115 చుట్టుపక్కల. ఒక్కో డ్రైవరు అర మిల్లీ ఆంపియర్ లీక్ చేసినా నాలుగు అరలకు రెండు మిల్లీ ఆంపియర్లు. తడి చేతికి, ఉత్త కాళ్ళకు అది బాగా తెలుస్తుంది.

ఈ రెండు మిల్లీ ఆంపియర్లు మనిషిని చంపవు. కానీ ఆ ర్యాకుకు ఎర్త్ లేదని అవి మీకు చెప్తున్నాయి. రేపు ఒక్క డ్రైవరులో ఇన్సులేషన్ పోతే అదే ర్యాకు పూర్తి 230తో నిలబడుతుంది. పది మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుని చెయ్యి విడవరాదు. చెల్లెమ్మ చెప్పింది అదే.

మల్టీమీటరు ఉంటే ఒక కాడ ర్యాకుకు, ఇంకో కాడ నల్లా పైపుకు పెట్టి చూడండి. రబ్బరు చెప్పులేసుకుని, ఒక్క చేత్తోనే.

భీమారం_ఆకుకూర
ఎలక్ట్రీషియన్‌ను ఆపిన. మెయిన్ దించే ముందు మీటరు పెట్టి చూసిన సార్, 104 చూపెట్టింది. రెండో ర్యాకు 97. గుండె ఆగినంత పనైంది. అమ్మ మూడు నెలల నుంచి అవే ర్యాకులకు నీళ్ళు పడుతున్నది.

ప్లగ్గులు చూసిన. డ్రైవర్లతోని వచ్చినయన్నీ రెండు పిన్నులయి. డ్రైవర్ నుంచి ఆకుపచ్చ వైరు వస్తున్నది గాని దాన్ని కోసి టేపు చుట్టిన్రు. నేనే చుట్టిన ఒకటి రెండు. ఎందుకో తెలవక చుట్టిన.

మంచిర్యాల_ఎల్‌ఈడీ
నేను ప్యానెళ్ళు తయారు చేసి అమ్ముతా. ఇంత భయపెట్టాల్సిన అవసరం లేదనుకుంటా. ప్రతి ర్యాకుకు 16 ఆంపియర్ల ఎంసీబీ స్విచ్చు వేసుకోండి, షార్టయితే అదే పడిపోతది. డ్రైవర్ ఖర్చు కూడా ఎందుకు, ఇప్పుడు డ్రైవర్ లేని 50 వాట్ల చిప్పులు వస్తున్నాయి, నేరుగా 230కి కలపొచ్చు. మా దగ్గర రెండేళ్ళుగా పని చేస్తున్నాయి.

కాజీపేట_వైర్‌మన్
అన్నా, మీ పని మీద గౌరవంతోనే చెప్తున్న. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడనీకి, మనిషిని కాపాడనీకి కాదు. లెక్క చూడున్రి. మనదంత బండ నేల. ఎండకాలం నేల ఎండితె ఎర్త్ 20 ఓములు చూపెట్టిన ఇండ్లు నేను చాన చూసిన. ర్యాకుకు ఫేజు తగిలిందనుకో, 230ని 20తోని భాగిస్తె పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి పడదు, ఎప్పటికీ పడదు. ర్యాకు మీద కరెంటు అట్లనే ఉంటది, మీటరు తిరుగుతనే ఉంటది. సీ రకం 16 ఎంసీబీ వెంటనే పడాలంటె 80 నుంచి 160 ఆంపియర్లు పారాలె. అంత పారాలంటె ఎర్త్ ఒకటిన్నర ఓము లోపల ఉండాలె. ఇంటి ఎర్త్ గుంతతోని అది అయ్యే పని కాదు.

అందుకే ఆర్సీసీబీ అనే స్విచ్చు కావాలె. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగ ఉన్నదా లేదా అని చూస్తది. 30 మిల్లీ ఆంపియర్లు తక్కువొస్తె సెకండుల మూడో వంతు లోపల కట్ చేస్తది. దాని ముందట 20 ఓముల ఎర్త్ కూడ చాలు.

డ్రైవర్ లేని చిప్పు సంగతి వేరే చెప్పాలె. అందుల 230 నేరుగ అల్యూమినియం పలక మీదికే వస్తది, నడుమ సన్నని పొర ఒక్కటే అడ్డం. వీధి గోడ మీద ఫ్లడ్ లైటుకైతె వేరు, అది మనిషికి అందదు. ఇక్కడ అమ్మ తలకు అడుగు దూరంల ఉంటది, కింద నీళ్ళు.

మంచిర్యాల_ఎల్‌ఈడీ
20 ఓముల లెక్క నేనెప్పుడూ చేయలేదు. రేపు మా దగ్గర కొన్నవాళ్ళల్లో ఎవరెవరు తడి గదిలో వాడుతున్నారో చూసి ఫోన్ చేస్తా.

ఈఈఈ_మూడో_సంవత్సరం
నేను నిట్ వరంగల్‌లో చదువుతున్నాను. రెండు విషయాలు కలుపుతాను.

ఒకటి, డ్రైవరు ఆన్ చేసిన మొదటి క్షణంలో లోపలి కెపాసిటరు నిండటానికి చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. 100 వాట్ల డ్రైవరు నడిచేటప్పుడు అర ఆంపియరు కూడా తీసుకోదు, కానీ ఆ మొదటి మిల్లీ సెకండు లోపల 40, 50 ఆంపియర్లు లాగేవి ఉంటాయి. 36 ఒకేసారి వెలిగిస్తే బీ రకం ఎంసీబీ ఊరికే పడిపోతుంది. సీ రకం పెట్టండి, మూడేసి ర్యాకులను ఒక వరుసగా చేసి, వరుసకు వరుసకు నిమిషం తేడాతో ఆన్ చేయండి. చిన్న టైమర్ల మీద 16 ఆంపియర్లు అని రాసి ఉంటుంది కానీ అది హీటరు లాంటి లోడుకు. ఈ మొదటి దెబ్బకు దాని లోపలి పాయింట్లు అతుక్కుపోతాయి, లైట్లు ఆరనే ఆరవు. టైమరుతో కాంటాక్టర్ (పెద్ద లోడును కలిపి తెంపే స్విచ్చు) కాయిల్‌ను మాత్రమే నడిపి, లోడును కాంటాక్టర్ మీద వేయండి.

రెండు, ఆర్సీసీబీ ఒక్కటే పెడితే సరిపోదు. 36 డ్రైవర్లు అర మిల్లీ ఆంపియర్ చొప్పున లీక్ చేస్తే 18. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ 15 దాటినప్పటి నుంచి ఎప్పుడైనా పడొచ్చు. మూడుగా విడగొడితే ఒక్కోదానికి 12 డ్రైవర్లు, ఆరు మిల్లీ ఆంపియర్లు. ఇబ్బంది ఉండదు. "AC" రకం కాకుండా "A" అని రాసి ఉన్న రకం తీసుకోండి, డ్రైవర్ల లాంటి ఎలక్ట్రానిక్ లోడులో తప్పు జరిగితే వచ్చే తెగిన అలను కూడా అది పసిగడుతుంది. ఇక్కడ ఏసీ అంటే కూలర్ ఏసీ కాదు, ఆర్సీసీబీ మీద ముద్రించి ఉండే రకం పేరు.

కాజీపేట_వైర్‌మన్
పిలగాడు మంచిగ చెప్పిండు. ఇగ లోడు సంగతి. లైట్లు 3,600 వాట్లు. రెండు ఏసీలు కలిపి మూడు వేలు వేసుకో. పంపు, ఫ్యాన్లు మూడు వందలు. ఏడు కిలోవాట్లు. అంత ఒక్క ఫేజు మీద వేస్తె 30 ఆంపియర్లు, కింది ఇంటి లోడు కలిస్తె మెయిన్ కాలిపోతది. మూడు ఫేజులకు పంచాలె. ఫేజుకు మూడు ర్యాకులు.

రిటైర్డ్_ఏఈ_సుబేదారి
ఇక్కడ నాది వేరే అభిప్రాయం వైర్‌మన్ గారూ. లెక్కకు మీరు చెప్పింది సరైనదే. కానీ పక్కపక్క ర్యాకులు వేర్వేరు ఫేజుల మీద ఉంటే రెండు చేతులు చాచిన దూరంలో 415 వోల్టులు ఉన్నట్టు. తడి సందులో అది వద్దు. లైట్లన్నీ ఆర్ ఫేజు మీదే పెట్టండి, డ్రైవర్లు తినేది కూడా కలిపి పదహారున్నర ఆంపియర్లు అవుతుంది. ఒక ఏసీ వై మీద, ఒక ఏసీ బి మీద. కింది ఇంటి లోడును కూడా వీలైనంత వై, బిలకు మార్చండి. పూర్తి సమానం కాకపోవచ్చు, ఫరవాలేదు. ఆ గదిలో మనిషి చేతికందే చోట ఒక్క ఫేజే ఉండాలి.

మీటరు నుంచి పైకి నాలుగు కోర్ల 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు, దానితో పాటు ఎర్త్ వైరు. పాతిక మీటర్ల దూరానికి మూడు వోల్టులు కూడా తగ్గవు. న్యూట్రల్‌ను మాత్రం సన్నగా వేయకండి. పై డీబీ (బ్రేకర్లు ఉండే పెట్టె) నుంచి ఒక్కో వరుసకు రెండున్నర చదరపు మిల్లీమీటర్లు, 10 ఆంపియర్ల సీ రకం. వరుస అయిదున్నర ఆంపియర్లే తీసుకుంటుంది కదా అని ఒకటిన్నర వేయొద్దు. మన ఎండాకాలంలో స్లాబు కింద పైపులో 45 డిగ్రీలు మామూలే, అక్కడ వైరు తన కాగితం మీది ఆంపియర్లను మోయలేదు.

ఒక మాట కాగితాల గురించి. మీటరు ఇంటి కేటగిరీలో ఉండి, పంట అమ్మకానికి పోతోంది. సెక్షన్ ఆఫీసులో రాసిచ్చి కేటగిరీ, అదనపు లోడు రెండూ సరిచేయించుకోండి. మన కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్ పెద్ద ఆఫీసు హన్మకొండలోనే ఉంది, దూరం సాకు కూడా లేదు. పని చేసేవాళ్ళు లైసెన్సున్న కాంట్రాక్టరై ఉండాలి, పూర్తయ్యాక టెస్ట్ రిపోర్టు అడిగి తీసుకోండి.

పరకాల_పూలతోట
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీకి మార్చినప్పుడు తీసేసిన పాత 400 వాట్ల సోడియం లైట్లు మా దగ్గర పాత సామాన్ల దుకాణంలో అగ్గువకు దొరుకుతున్నాయి. చామంతికి రాత్రిపూట పెట్టాలనుకుంటున్నా. ఇవే వైర్లు సరిపోతాయా?

కాజీపేట_వైర్‌మన్
సరిపోతయి గాని, నిజమైన హై వోల్టేజీ అంటె అదే. వెలిగించేటప్పుడు ఇగ్నైటర్ మూడు నుంచి అయిదు వేల వోల్టుల దెబ్బలు కొడుతది. ఇగ్నైటర్ నుంచి బల్బుకు పోయే వైరు మామూలుది వేస్తె ఇన్సులేషన్ చిల్లులు పడతది, పాత సెట్టుల వచ్చిన వైరే గట్టిగుంటె అదే వాడు. కరెంటు తీసినంక కూడ కెపాసిటర్ల చార్జి ఉంటది, డిస్చార్జి చెయ్యకుండ చెయ్యి పెట్టకు. ఆరిన బల్బు చల్లబడెదాక మళ్ళ వెలుగది, ఖరాబైందనుకొని విప్పకు. చేతి తోలు ఊడుతది.

జమ్మికుంట_మైక్రోగ్రీన్స్
నేను నీళ్ళ సంగతి చెప్త తమ్ముడూ, మొగోళ్ళు కరెంటు చూసుకుంటున్నరు గద. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒక్కటి కూడ నేల మీద ఉండొద్దు. సాకెట్లు ఛాతీ ఎత్తుల, మూత ఉన్నయి పెట్టు. ప్రతి వైరు సాకెట్లకు పోయే ముందట జానెడు కిందికి వేలాడి పైకి పోవాలె. ఆకుల మీది నుంచి కారిన నీటిబొట్టు వైరు పట్టుకొని జారి ఆ వంపు దగ్గర్నే కింద పడ్తది, సాకెట్లకు పోదు. పంపు దగ్గర పైపు ఊడితె నీళ్ళు ఎటు చిమ్ముతయో ఒకసారి నిజంగనే ఊడబీకి చూడు. మాకు చూసినంకనే తెలిసింది, నేరుగ డీబీ మీదికి చిమ్మింది. డీబీని తలుపు బయటికి మార్చినం.

ఇంకొకటి. ఒక రోజు ఏసీ ప్లగ్గు దగ్గర కాలిన చేపల వాసన వచ్చింది. వంటింట్ల అనుకున్న. సాకెట్ విప్పితె లోపల ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి, స్క్రూ కింద పోగులల్ల సగం బయటికే ఉన్నయి.

ఈఈఈ_మూడో_సంవత్సరం
అక్కా, ఆ వదులు స్క్రూ దగ్గర 0.1 ఓము నిరోధం వచ్చినా చాలు. 16 ఆంపియర్లు పారితే 25 వాట్ల వేడి ఆ ఒక్క చుక్క మీద. మా ల్యాబ్‌లో సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే, సీసం కరిగించేస్తుంది. ఎంసీబీకి మాత్రం ఇదేమీ కనపడదు, ఎందుకంటే ఆంపియర్లు పెరగలేదు. పోగుల వైరుకు ఫెర్రుల్ (చిన్న లోహపు గొట్టం) వేసి నొక్కి బిగించాలి. నెల తర్వాత కరెంటు తీసి అన్ని స్క్రూలూ మళ్ళీ బిగించాలి, రాగి మొదట్లో కొంచెం నలుగుతుంది.

భీమారం_ఆకుకూర
పదకొండు రోజులైంది. పని అయింది, కాని ఒక కొత్త చిక్కు వచ్చింది.

ముందుగాల అయిన పని. పెరట్ల ఎర్త్ గుంత తవ్విచ్చిన. నాలుగడుగులకే బండ తగిలింది, కంప్రెషర్ పెట్టి కొట్టిచ్చినం. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు వరుసలు. టెస్టర్ పెడితె 6 ఓములు వచ్చింది. డ్రైవర్లన్నిటికి మూడు పిన్నుల ప్లగ్గులు మార్చినం, ప్రతి ర్యాకుకు లగ్గు వేసి విడిగ ఎర్త్ వైరు బిగించినం. మూడు ఆర్సీసీబీలు వేసినం.

చిక్కేందంటె, రెండో వరుస ఆర్సీసీబీ నిలబడతలేదు. అది కూడ వింతగ. దాని కింది ఎంసీబీ దించి పెట్టిన, లైట్లు లేవు, ఏం లేదు. అయినా కింద బోరు మోటరు వేస్తె పైన ఇది టక్కున పడుతున్నది! మోటరుకు దీనికి సంబంధమే లేదు. ఎలక్ట్రీషియన్ "పీస్ ఖరాబున్నది, తీసేసి డైరెక్ట్ ఇస్త" అంటున్నడు. ఇయ్యమననా?

కాజీపేట_వైర్‌మన్
ఇయ్యనియ్యకు! పీస్ మంచిగనే ఉన్నది. అది నీకు ఏదో చూపెడుతున్నది.

రిటైర్డ్_ఏఈ_సుబేదారి
ఆ వరుసలో ఎక్కడో న్యూట్రల్, ఎర్త్ ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎందుకంటే ఎంసీబీ ఫేజును మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ ఎప్పుడూ కలిసే ఉంటుంది. కింద మోటరు నడిస్తే న్యూట్రల్ వైరు మీద ఒక వోల్టు, రెండు వోల్టులు లేస్తాయి. ఆ కొంచెం వోల్టేజీ మీ కొత్త 6 ఓముల ఎర్త్‌లోకి దారి దొరికి పారుతుంది. ఒక వోల్టును ఆరుతో భాగించండి, 160 మిల్లీ ఆంపియర్లు. 30కి పడే పరికరం పడదా మరి. ఇంతకుముందు ఎర్త్ లేనప్పుడు దారి లేదు కాబట్టి ఏమీ తెలియలేదు.

మెయిన్ ఆపి, ఆ ఆర్సీసీబీ న్యూట్రల్ లింక్ నుంచి వైర్లు ఒక్కొక్కటే విప్పి, మల్టీమీటరుతో ఎర్త్‌కు చూడండి. బీప్ వచ్చిన వైరు వెంట పొండి. అలాగే మూడు ఆర్సీసీబీలకూ మూడు వేరు వేరు న్యూట్రల్ లింకులు ఉన్నాయో లేదో చూడండి, ఒకదాని న్యూట్రల్ ఇంకోదానికి కలిసినా ఇలాగే పడుతుంది.

భీమారం_ఆకుకూర
దొరికింది సార్.

రెండో వరుస చివర పాత 16 ఆంపియర్ల సాకెట్ ఒకటి ఉండె, ఇల్లు కట్టినప్పటిది. కొత్త ఎర్త్ వైరును దాని ఎర్త్ పిన్నుకు బిగించిండు, అంతవరకు మంచిదే. గోడల నుంచి మొత్తం బయటికి గుంజి టార్చి కొట్టి చూసినం. వెనుక వేలు పొడుగు నల్ల వైరు ముక్క ఒకటి, న్యూట్రల్ పిన్ను నుంచి ఎర్త్ పిన్నుకు వంచి బిగిచ్చి ఉన్నది. మీద సున్నం పడి గట్టిపడ్డది. అప్పట్ల ఎర్త్ గుంత లేదు కాబట్టి, టెస్టర్ల మూడో పిన్ను సరిగ్గ కనపడాలని ఎవరో అట్ల వేసిండు.

ఆ ముక్కను కోసి తీసిన. మోటరు వేసిన, ఏసీలు వేసిన, లైట్లు వేసిన. ఆర్సీసీబీ నిలబడ్డది.

కాజీపేట_వైర్‌మన్
తమ్మీ, ఆ ముక్కను పారెయ్యకు, దాచిపెట్టు. అది ఎంత పని చేసేదో తెలుసా? వైశాఖంల ఈదురుగాలికి న్యూట్రల్ తెగుడు మనకు కొత్త కాదు. ఇంట్లకొచ్చే న్యూట్రల్ తెగిన రోజు, వెలుగుతున్న లైట్ల గుండ వచ్చిన ఫేజు ఆ ముక్క మీది నుంచి నీ ఏసీ ఒంటికి, ర్యాకులకు వచ్చేది. ఎంసీబీ పడది. పాత ఇండ్లల్ల ఇది వేలాది సాకెట్లల్ల ఉన్నది. నేను పోయిన ప్రతి ఇంట్ల ముందుగాల ఒక సాకెట్ విప్పి ఇదే చూస్త.

మంచిర్యాల_ఎల్‌ఈడీ
నాలుగు ఇళ్ళకు పోయొచ్చిన. రెండింట్లో ఎర్త్ వైరు కోసి ఉంది. ఒక ఇంట్లో అద్దంలా మెరిసే అల్యూమినియం కాగితం గోడకు అంటించుకున్నారు, వెలుతురు తిరిగి రావాలని. ఆ కాగితం అంచు సాకెట్ లోపలికి పోయి ఉంది. నా చిప్పులు అక్కడివి వెనక్కి తీసుకొని ఎర్త్ ఉన్న డ్రైవర్ ప్యానెళ్ళు ఇచ్చిన. ఇకమీదట తడి గదికి డ్రైవర్ లేనివి అమ్మను.

నయీంనగర్_వాసి
నాదొక అనుభవం. 2023 జూలై వానలకు మా వీధిలో నడుము లోతు నీళ్ళు. ఆ వారంలోనే ఒక రాత్రి న్యూట్రల్ పోయి ఇంట్లో సగం బల్బులు మసక, సగం బల్బులు కళ్ళు చెదిరేటట్టు వెలిగినై. నిమిషం లోపల టీవీ, రౌటర్, రెండు ఫ్యాన్లు పోయినై. భీమారం తమ్ముడికి 36 డ్రైవర్లు. ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టారా?

రిటైర్డ్_ఏఈ_సుబేదారి
సరైన ప్రశ్న. మూడు ఫేజుల ఇంట్లో న్యూట్రల్ తెగితే తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజీ 415 వైపు ఎగబాకుతుంది. 270 దాటగానే తెంపే ప్రొటెక్టరు పై డీబీలో మెయిన్ తర్వాత వేయండి. పిడుగుల కోసం ఎస్‌పీడీ వేరు, రెండూ ఒకటి కావు. రెండూ కావాలి. బల్బులు ఒకటి మసక, ఒకటి ఎక్కువ కనపడితే ఇక దేనికోసం ఆగొద్దు, మెయిన్ దించి 1912కి ఫోన్ చేయండి.

భీమారం_ఆకుకూర
నిన్న రెండూ వేపిచ్చిన. మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటరు) 500 వోల్టుల మీద ప్రతి వరుస చూపిచ్చుకున్న, అన్నీ 20 మెగా ఓములకు పైనే. క్లాంప్ మీటరు పెడితె ఆర్ 16.2 ఆంపియర్లు, వై 7, బి 6.4. రాత్రి 11కు సాకెట్ల మీద అరచెయ్యి పెట్టి చూసిన, చల్లగనే ఉన్నయి. సాయంత్రం ఆరింటికి మొదటి వరుస, ఆరూ ఒకటికి రెండోది, ఆరూ రెండుకు మూడోది వెలుగుతున్నయి, పొద్దున పదికి ఆరుతున్నయి. పగటి వేడికి లైట్ల వేడి కలుస్తలేదు, ఏసీ కూడ తక్కువ నడుస్తున్నది.

మీటరు కాడలు మళ్ళ పెట్టి చూసిన. ర్యాకుకు నల్లాకు నడుమ 0.3 వోల్టు. అమ్మను పిలిచి చూపెట్టిన. "సున్నా అంటె మంచిదా?" అన్నది. మంచిదే అన్న. కాసేపు ర్యాకు దూరం నుంచే చూసి, ముందుగాల చేతి వెనుక భాగం ఆనిచ్చింది, తర్వాత అరచెయ్యి పెట్టింది.

ఒక్కటే అడుగుత. ఆర్సీసీబీ మీద టీ అని బటన్ ఉన్నది, అది ఎన్ని రోజులకు ఒకసారి నొక్కాలె? నొక్కితె లైట్లకు ఏమన్న అయితదా?

కాజీపేట_వైర్‌మన్
లైట్లకు ఏం కాదు. నెలకొకసారి నొక్కు. ప్రతి నెల మొదటి తారీఖు పొద్దున పదింటికి, లైట్లు ఆరినంక. మూడూ నొక్కాలె, మూడూ టక్కున పడాలె. ఏది పడకుంటె ఆ రోజు ఆ వరుస వెలిగియ్యకు, కొత్తది తెచ్చేదాక. అమ్మకు కూడ నేర్పు.

భీమారం_ఆకుకూర
సరే అన్నా. డీబీ తలుపు లోపల కాగితం అతికిచ్చిన, తారీఖు, సంతకం వేసేటట్టు. మొదటి సంతకం అమ్మది.